ఖాళీ గడులు

పోయిన వానాకాలం నాట్లకు ముందు ముగ్గురు యువ డిజైనర్లు నాలుగు పేజీల కాగితం పట్టుకొని హన్మకొండలోని మా ఇంటికి వచ్చారు. బోరు మోటార్లను ఫోను ద్వారా నడిపే, ఆపే స్టార్టర్ పెట్టె ఒకటి వారు తయారు చేస్తున్నారు. ఆ పెట్టె ఎప్పుడు ఏం చేయాలో ఆ నాలుగు పేజీల్లో రాసి ఉంది. ముగ్గురూ తలా మూడుసార్లు చదివారు, తప్పు కనబడలేదు, లోపలి ప్రోగ్రాం రాయడం మొదలుపెట్టే ముందు నన్ను కూడా ఒకసారి చదివి చూడమన్నారు. నేను చదవనన్నాను. ఇటువంటి కాగితాన్ని చదివి తప్పు పట్టడం ఎంత కష్టమో, ఇరవై ఏళ్ళుగా కంట్రోల్ ప్యానెళ్ళ పనిలో ఉన్నందువల్ల నాకు తెలుసు. ఏ వాక్యాన్ని విడిగా చదివినా అది న్యాయంగానే ఉంటుంది. తప్పు దాగేది రెండు వాక్యాలు ఒకదానికొకటి ఎదురుపడే చోట, లేదా ఏ వాక్యమూ చేరని చోట. ఆ చోట్లు చదివే కంటికి కనబడవు, గీసిన పట్టికలో కనబడతాయి. అందుకని గోడకు తెల్ల చార్టు అతికించి, చదవడం మాని గీద్దాం రమ్మన్నాను.

వారు రాసుకున్న దానిలో ముఖ్యమైన మాటలు నాలుగు. ఆటోలో పెట్టి ఉంటే కరెంటు వచ్చిన ఒక నిమిషానికి మోటారు నడవాలి. బోరులో నీళ్ళు తగ్గి మోటారు ఉత్తగా తిరుగుతుంటే ఆపి, అరగంట ఆగి మళ్ళీ నడపాలి. మూడు ఫేజుల్లో ఒక్కటి పోయినా వెంటనే ఆపాలి. ఫోను నుంచి నడుపు అంటే నడవాలి, ఆపు అంటే ఆగాలి. ఇందులో రైతుకు అక్కరలేనిది ఒక్కటీ లేదు. ఫేజు పోయినా ఆగకుండా తిరిగిన మోటారు కాలిపోతుంది. నీళ్ళు లేకుండా తిరిగిన సబ్‌మెర్సిబుల్ పంపు వేడెక్కి చెడిపోతుంది. వైండింగు చేయించడానికి బోరులోంచి పైపులన్నీ పైకి లాగాలంటే కూలీల ఖర్చు, మూడు నాలుగు రోజుల ఎదురుచూపు, ఆ లోపల మడి నెర్రెలు బారడం ఉంటాయి. అంటే వారు రైతు కష్టం తెలిసే రాశారు. తప్పులు అజాగ్రత్త వల్ల రాలేదని మొదటే చెబుతున్నాను, ఎందుకంటే నిర్దేశంలో, అంటే యంత్రం ఎప్పుడు ఏం చేయాలో చెప్పే కాగితంలో, తప్పు దొరికిందనగానే రాసినవాడి శ్రద్ధను శంకించడం మన పనిచోట్ల ఒక చెడ్డ అలవాటుగా మారింది.

మొదట నేను వారిని అడిగింది ఒక్కటే: ఈ పెట్టె ఎన్ని స్థితులలో ఉండగలదు? వెంటనే, నడుస్తుంది లేదా ఆగి ఉంటుంది, రెండే అన్నారు. అయితే నీళ్ళు లేక ఆగిన మోటారుకు, రైతు ఆపగా ఆగిన మోటారుకు మీ పెట్టె ఒకే విధంగా స్పందిస్తుందా అని అడిగాను. ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బయటి నుంచి చూస్తే ఆగడం ఒక్కటే, గిరగిర తిరగవలసినది తిరగడం లేదు. కానీ తర్వాత ఏం జరగాలన్నది ఎందుకు ఆగిందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. ఆగడానికి ఉన్న కారణాన్ని పెట్టె గుర్తుపెట్టుకోవాలి. అలా రెండు స్థితులు ఐదయ్యాయి: నడుస్తోంది, రైతు ఆపగా ఆగింది, నీళ్ళు లేక ఆగింది, ఫేజు పోయి ఆగింది, అసలు కరెంటే లేదు. నా అనుభవంలో డిజైనర్లకు చేయగలిగిన అతిపెద్ద సాయం ఇదే. వారు ఒకటే అనుకుంటున్న స్థితిలో రెండో మూడో ఇమిడి ఉన్నాయని వారి చేతనే గుర్తింపజేయాలి. నేను ముందే ఐదు పేర్లు రాసి ఇచ్చి ఉంటే తలలూపి వెళ్ళిపోయేవారు.

ఐదు స్థితులు అడ్డ వరుసలుగా, ఆరు సంఘటనలు నిలువు వరుసలుగా గీశాం: కరెంటు రావడం, కరెంటో ఫేజో పోవడం, నీళ్ళు తగ్గడం, అరగంట ముగియడం, ఫోనులో నడుపు, ఫోనులో ఆపు. మొత్తం 30 గడులు. ఒక్కో గడిలో రాయవలసింది ఒక్కటే, ఈ స్థితిలో ఉండగా ఈ సంఘటన జరిగితే పెట్టె ఏ స్థితికి మారాలి.

పట్టిక గీసే ఈ అలవాటు నాకు మా బాపు నుంచి వచ్చింది. ఆయన కాజీపేట జంక్షన్‌లో సిగ్నల్ మెయింటెయినరుగా పనిచేశారు. సికింద్రాబాదు, బల్లార్షా, విజయవాడ దిక్కుల నుంచి వచ్చే దారులు కలిసే ఆ జంక్షన్‌లో, ఏ బండిని ఏ లైను మీదికి తీసుకోవాలంటే ఏ పాయింట్లు ఏ వైపుకు తిరిగి తాళం పడి ఉండాలో, ఏ పట్టాలు ఖాళీగా ఉండాలో, ఏ ఏ సిగ్నళ్ళు ఎర్రగా ఉండాలో ఒక పెద్ద పట్టికలో రాసి ఉండేది. సిగ్నలింగు ఇంజనీర్లు ఆ పట్టికను గడి గడినీ వేలు పెట్టి సరిచూసేవారని బాపు చెప్పేవారు. అన్నిటికన్నా నాకు నచ్చిన సంగతి, ఆ వ్యవస్థలో ఖాళీకి కూడా అర్థం ఉండడం. రిలే అంటే కరెంటు ఉన్నంతసేపే పైకి లేచి ఉండే స్విచ్చు. దాని తీగ తెగినా, కరెంటు పోయినా అది తన బరువుకు తాను కింద పడుతుంది, సిగ్నల్ ఎర్రకు మారుతుంది. ఎవరూ ఏమీ చెప్పని చోట సమాధానం ఎర్ర. మన స్టార్టర్ పెట్టెలో ఎవరూ ఏమీ చెప్పని చోట సమాధానం ఏమిటి? ప్రోగ్రాం రాసేవాడికి ఆ పూట ఏది తోస్తే అది.

మా 30 గడులలో 9 గడులకు ఆ నాలుగు పేజీలలో సమాధానం దొరికింది. 8 గడులు జరగడానికి వీల్లేనివని కొట్టేశాం. మోటారు నడుస్తుండగా అరగంట విరామం ముగియడం వంటివి. మిగిలిన 13 ఖాళీగా నిలిచాయి. వాటిలో కొన్ని తేలిగ్గా నిండాయి. కొన్ని మాత్రం ఎంతసేపు చూసినా నిండలేదు. కరెంటు లేనప్పుడు రైతు ఫోనులో నడుపు అని సందేశం పంపితే ఏం కావాలి? పెట్టెలో బ్యాటరీ లేదు, కాబట్టి లోపలి సిమ్ కూడా పనిచేయదు, సందేశం అందదు, ఏమీ కాదు అన్నారు. కానీ ఫోను సందేశం గాలిలో కలిసిపోదు. అవతలి ఫోను పనిచేయకపోతే నెట్‌వర్కు దానిని దాచి ఉంచి, అది మళ్ళీ పనిచేసినప్పుడు అందజేస్తుంది. రైతు పొద్దున ఏడింటికి నడుపు అని పంపి, కరెంటు లేదని తెలిసి తానే బావి కాడికి నడిచి వెళ్ళి ఉండవచ్చు. పదింటికి కరెంటు వచ్చినప్పుడు మూడు గంటల కిందటి ఆ ఆజ్ఞ తాజా ఆజ్ఞలాగా పెట్టెకు అందుతుంది. సందేశానికి వయసు చూడాలన్న మాట నాలుగు పేజీలలో ఎక్కడా లేదు. ఖాళీ గడి అడగకపోతే ఆ ప్రశ్న ఎవరికీ తట్టేది కాదు.

రెండు వాక్యాలు ఎదురుపడిన చోటు ఇంకొకటి. నీళ్ళు లేక ఆగిన మోటారు అరగంట విరామంలో ఉంది. ఐదో నిమిషంలో కరెంటు పోయి వెంటనే వచ్చింది. కరెంటు వచ్చిన నిమిషానికి నడవాలని ఒక వాక్యం, అరగంట దాకా నడవకూడదని ఇంకొక వాక్యం. రెండూ స్పష్టమైనవే, రెండూ సరైనవే, కలిపితే ఏది గెలుస్తుందో ఎవరూ చెప్పలేదు. మొదటిది గెలిస్తే ఎండిన బోరులో మోటారు తిరుగుతుంది, మళ్ళీ ఆగుతుంది, గాలివాన రోజున కరెంటు పదిసార్లు వచ్చి పోతే పదిసార్లూ ఎండిన బోరులోనే తిరుగుతుంది. కాపాడడానికి పెట్టిన పెట్టే మోటారును కాల్చేస్తుంది. ఒక గడిలో రెండు సమాధానాలు ఉండకూడదు, ఏ గడీ ఖాళీగా ఉండకూడదు అనే ఈ రెండు పరీక్షలు కొత్తవి కావు. అమెరికా నౌకాదళ పరిశోధన ప్రయోగశాలలో డేవిడ్ పార్నస్, ఆయన తోటివారు ఏ-7 యుద్ధవిమానం ప్రోగ్రాంకు నిర్దేశాలను 1978 నాటికే పట్టికలలో రాశారు. ఆ ప్రయోగశాలలోనే తర్వాత అటువంటి పట్టికలలో ఖాళీలను, రెండు సమాధానాల గడులను యంత్రం చేతనే వెతికించే పనిముట్లు తయారయ్యాయి. మేము మాత్రం ఆ రోజు చేతితోనే చేశాం, ఎర్ర స్కెచ్ పెన్నుతో.

అయితే ఆ రోజు దొరికిన తప్పులన్నిటిలో పెద్దది మాకు దొరకలేదు. అది ఆ ముగ్గురిలో ఒకరి పెద్దబాపుకు దొరికింది. ఆయనది పర్వతగిరి వైపు ఊరు, రెండు బోర్ల వ్యవసాయం. ఆసుపత్రి పని మీద వచ్చి, సాయంత్రం కొడుకు వరసయ్యే ఈ అబ్బాయి కోసం మా ఇంట్లో కూర్చున్నారు. పట్టిక ఆయనకు ఏమీ చెప్పలేదు, చెప్పాలని నేను అనుకోనూ లేదు. అందులోంచి ఒక దారిని ఎంచుకొని కథగా చెప్పాను. మోటారు నడుస్తోంది. మీరు ఫోనులో ఆపు అన్నారు, ఆగింది. ఆ తర్వాత కరెంటు పోయింది. కొంతసేపటికి కరెంటు వచ్చింది. పెట్టె ఆటోలో ఉంది కాబట్టి నిమిషం ఆగి మోటారు నడిచింది.

ఆయన వెంటనే అడ్డుపడ్డారు. "అదెట్ల సారూ? నేను బందు జేసిన గద. నేను బందు జేసింది కరెంటు పోంగనే మరిచిపోతదా?" అన్నారు. అబ్బాయి, కరెంటు పోయినప్పుడు పెట్టెకు పాత సంగతి గుర్తుండదు పెద్దబాపూ, కొత్తగా మొదలవుతుంది అని వివరించబోయాడు. ఆయన ఇంకా నెమ్మదిగా అన్నారు: "బిడ్డా, మేం వైర్లు మంచిగ జేసుకునేదే కరెంటు పోయినప్పుడు. ఉన్నప్పుడు ముట్టం గద." గదిలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. కరెంటు లేకపోవడాన్ని మేమంతా ఏమీ జరగని సమయంగా లెక్కవేసుకున్నాం. పెట్టె నిద్రపోతుంది, మా నమూనాలో, అంటే ఆ పట్టికలో, అది ఒక ఖాళీ విరామం. పొలంలో మాత్రం మనిషి చేయి తీగ మీద ఉండే సమయం సరిగ్గా అదే. స్టార్టర్ల దగ్గర, మోటారు తీగల దగ్గర కరెంటు తగిలి ప్రాణాలు పోగొట్టుకున్న రైతుల వార్తలు చదవని సీజను మన ప్రాంతంలో ఉండదు. ఆ వార్తలు చదివిన మేమే ఆ సంగతిని కాగితంలోకి తీసుకురాలేకపోయాం.

(ఇక్కడ ఒక మాట తప్పకుండా చెప్పాలి. ఏ పెట్టె ఎంత బాగా రాసినా తీగ ముట్టే ముందు మెయిను స్విచ్చు దించి ఫ్యూజులు తీయడానికి అది బదులు కాదు. ఆ మాట కూడా ఇప్పుడు నిర్దేశంలో ఉంది, పెట్టె మూత మీద తెలుగులో అచ్చు వేయించాలన్న షరతుతో సహా.)

అప్పటి నుంచి నా అభిప్రాయం ఇంకా గట్టిపడింది. నమూనా గీయడం వల్ల అసలు లాభం, వ్యవస్థ సరైనదని రుజువు దొరకడం కాదు. ఆ వ్యవస్థలో జరగగల ఒక కథ దొరకడం, ఆ కథను దాని మంచిచెడ్డలు తెలిసిన మనిషి ముందు పెట్టగలగడం. సూత్రాన్ని చూసి తప్పు పట్టగలిగేవారు కొందరే. ఇలా జరిగి, తర్వాత ఇలా జరిగితే, ఆఖరుకు ఇలా అవుతుంది అని చెబితే, పని తెలిసిన ఎవరైనా అట్లెట్లయితది అని అడ్డుపడగలరు. డిజైనర్లు కూడా అంతే. వారి ప్రోగ్రాంలో తప్పుందని చెబితే వాదిస్తారు. ఆరు మెట్ల కథ చెబితే తామే పెన్ను తీసుకుంటారు.

ఇటువంటి కథలను యంత్రం చేత వెతికించవచ్చునన్నది మా పనిలో గత యాభై ఏళ్ళలో వచ్చిన గొప్ప మార్పులలో ఒకటి. వ్యవస్థ ఏ ఏ స్థితులలో ఉండగలదో, ఒక్కో స్థితి నుంచి ఏ ఏ స్థితికి పోగలదో రాసి, ఎప్పటికీ తప్పకూడని మాట ఒకటి చెబితే, కంప్యూటరు ఆ స్థితులన్నిటినీ ఒక్కటి కూడా వదలకుండా తిరిగి చూసి, ఆ మాట తప్పే దారి ఉంటే మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు దాకా చూపిస్తుంది. 1980ల మొదట్లో ఎడ్మండ్ క్లార్క్, అలెన్ ఎమర్సన్ అమెరికాలోను, జోసెఫ్ సిఫాకిస్ ఫ్రాన్సులోను విడివిడిగా ఈ దారి పట్టారు. కంప్యూటరు శాస్త్రంలో అత్యున్నతంగా భావించే ట్యూరింగ్ బహుమతి 2007కు గాను ఆ ముగ్గురికీ దక్కింది. బెల్ ల్యాబ్స్‌లో జెరార్డ్ హోల్జ్‌మన్ చేసిన ఇటువంటి పనిముట్టు స్పిన్ 1991 నుంచి అందరికీ ఉచితంగా దొరుకుతోంది. లెస్లీ లాంపోర్ట్ రూపొందించిన టీఎల్‌ఏ ప్లస్ అనే నిర్దేశాల భాషను అమెజాన్ ఇంజనీర్లు 2011 నుంచి వాడుతున్నారు. వారి డేటాబేసులో సమాచారం పోగొట్టగల ఒక తప్పును అది 35 మెట్ల కథగా చూపించిందని వారే 2015లో ప్రకటించారు. 35 మెట్లు వరుసగా జరిగితే తప్ప బయటపడని తప్పు మనిషి ఊహకు అందదు, పరీక్షలలోనూ చిక్కదు.

చిన్న పత్రమైతే చదివి తప్పు పట్టవచ్చు కదా అని అనుకునేవారికి నేను చెప్పే ఉదాహరణ వేరొకటి ఉంది. ఇద్దరు వ్యక్తులు నెట్‌వర్కు మీద ఒకరినొకరు నమ్మకంగా గుర్తుపట్టడానికి రోజర్ నీధం, మైకేల్ ష్రోడర్ 1978లో ఒక పద్ధతి ప్రచురించారు. దాని ప్రధాన భాగం మూడే మూడు సందేశాలు, అరపేజీకి మించదు. ఎందరో పండితులు చదివారు. మధ్యలో నిలబడిన మూడో మనిషి ఒకరి దగ్గర ఇంకొకరిగా చలామణి కావచ్చునని 1995లో గావిన్ లో చూపించేదాకా, అంటే 17 ఏళ్ళు, ఆ తప్పు అలాగే ఉంది. ఆయన ఆ పద్ధతిని నమూనాగా రాసి యంత్రం చేత కూడా తనిఖీ చేయించి, సవరణను ప్రకటించారు. పద్ధతి రాసినవారు మూడో మనిషిని బయటివాడిగానే ఊహించారు. అతనితో మనమే నిజాయితీగా సంభాషణ మొదలుపెట్టి ఉండవచ్చునన్న స్థితి వారి ఊహలోకి రాలేదు. కరెంటు పోయినప్పుడు పొలంలో ఏమీ జరగదని మేము అనుకోవడానికీ దీనికీ పెద్ద తేడా లేదు.

మా పెట్టె సంగతి ఇంకా ఉంది. ఒక్క పెట్టె సరిగా ఉంటే సరిపోతుందా అన్న ప్రశ్న రెండో రోజు వచ్చింది. మన ఊళ్ళలో వ్యవసాయ ట్రాన్స్‌ఫార్మర్ తరచుగా 25 కేవీఏది ఉంటుంది. అది ఫేజుకు సుమారు 33 ఆంపియర్లు మోయగలదు. ఐదు హెచ్‌పీ మోటారు సుమారు 8 ఆంపియర్లు తీసుకుంటుందనుకుంటే నాలుగు మోటార్లకు 32, లెక్క సరిపోయింది. కానీ నేరుగా కరెంటు ఇచ్చినప్పుడు మోటారు కదలబోయే ఆ కొన్ని క్షణాలలో మామూలు కన్నా ఆరు రెట్లు లాగుతుంది. కరెంటు రాగానే నాలుగు పెట్టెలూ ఒకే గడియారం ప్రకారం సరిగ్గా నిమిషం లెక్కపెట్టి ఒకేసారి నడిపితే 190 ఆంపియర్లు దాటుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోతుంది, కరెంటు పోతుంది, ఫ్యూజు వేయగానే మళ్ళీ నాలుగూ నిమిషం లెక్కపెడతాయి. విడివిడిగా ప్రతి పెట్టే తన కాగితంలో ఉన్నదే చేసింది. గొలుసుకట్టు చెరువుల కింద పెరిగిన మనకు ఇది తెలియని సంగతి కాదు: ప్రతి కట్టా తన చెరువు నీటికి సరిపోయేదే, కానీ పైచెరువు తెగితే వచ్చే నీటికి కింది చెరువు కట్ట కట్టింది కాదు. అందుకే మన పెద్దలు ఒక్కో చెరువు మత్తడి ఎత్తును గొలుసంతటినీ చూసి పెట్టారు. 2018 జనవరి 1 నుంచి రాష్ట్రంలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు, భూగర్భ జలాలు అడుగంటుతాయన్న భయంతో ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం రైతులను కోరిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఒక్కో పెట్టెగా చూస్తే అవసరమైన వస్తువు, ఊరంతా కలిపి చూస్తే వేరే వస్తువు.

నాలుగు పెట్టెలను కలిపి నమూనా గీయాలంటే చార్టు చాలదు. ఒక్కో పెట్టెకు ఐదు స్థితులు, బోరులో నీళ్ళు ఉండడం లేకపోవడం, ఆటో పెట్టడం పెట్టకపోవడం అనుకుంటే 20 కలయికలు. రెండు పెట్టెలకు 400, మూడింటికి 8,000, నాలుగింటికి 1,60,000. కంప్యూటరుకు ఇది క్షణాల పని. పది పెట్టెలకు మాత్రం పది లక్షల కోట్లు దాటుతుంది, అక్కడ యంత్రం కూడా ఒరిగిపోతుంది. అయినా దిగులు పడనక్కరలేదు. అల్లాయ్ అనే పనిముట్టును తయారుచేసిన ఎంఐటీ ఆచార్యుడు డేనియల్ జాక్సన్ చెప్పే ఒక ఊహ ఉంది: చాలా తప్పులు చిన్న ఉదాహరణలోనే బయటపడతాయి. వంద మోటార్లలో కనబడే గొడవ దాదాపు ఎప్పుడూ మూడింటిలోనే కనబడుతుంది. మా గొడవ రెండింటిలోనే కనబడింది.

సవరణ దగ్గర మేము మరో రెండు తప్పులు చేశాం, అవి కూడా చెప్పాలి. నిమిషానికి బదులుగా ఒక్కో పెట్టె తనకు తోచిన ఏదో ఒక సమయం ఎంచుకుంటుందని మొదట రాశాం. యంత్రం వెంటనే రెండు పెట్టెలు ఒకే సమయాన్ని ఎంచుకున్న కథను చూపించింది. అది అరుదు కదా అని ఒక అమ్మాయి అడిగింది, న్యాయమైన ప్రశ్న. ఇటువంటి పనిముట్టుకు అరుదు అన్న మాట తెలియదు, వీలుందా లేదా అన్నదే తెలుసు. కాబట్టి అరుదును సహించాలా వద్దా అన్నది మనమే నిర్ణయించుకొని నిర్దేశంలో రాయాలి. రెండు మోటార్లు కలిసి కదిలితే ట్రాన్స్‌ఫార్మర్ ఓర్చుకుంటుంది, నాలుగూ కలిస్తే ఓర్చుకోదు అని లెక్కవేసి, చివరకు పెట్టె బిగించేటప్పుడే ఒక్కోదానికి ఒక వరుస సంఖ్య ఇవ్వాలని తేల్చారు. రెండో తప్పు ఇంకా సూక్ష్మమైనది. రైతు ఆపింది కరెంటు పోయి వచ్చినా ఆగే ఉండాలి, ఎండిన బోరులో విరామం పూర్తికాకుండా నడవకూడదు అన్న రెండు మాటలూ యంత్రం పరీక్షలో నెగ్గాయి, అందరూ సంతోషించారు. కానీ కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ అరగంటను మొదటి నుంచి లెక్కపెట్టేలా రాశాం. కరెంటు పదేపదే పోయే రోజున ఆ మోటారు ఎన్నటికీ నడవదు. అసలు ఎప్పుడూ నడవని పెట్టె కూడా మేము రాసిన పరీక్షలన్నిటిలో నెగ్గుతుందని అప్పుడు అర్థమైంది. జరగకూడనిది జరగదు అనేది ఒక జాతి నియమం, జరగవలసింది ఎప్పటికైనా జరిగి తీరుతుంది అనేది మరొక జాతి నియమం. లాంపోర్ట్ 1977లోనే ఈ రెంటినీ వేరుచేసి చూపారు. మడికి నీళ్ళు పారి తీరాలి అన్న మాటను మేము రాయలేదు, ఎందుకంటే అది రాయనక్కరలేనంత సహజంగా తోచింది.

జరగడానికి వీల్లేదని కొట్టేసిన ఆ 8 గడుల దగ్గరికి చివరగా వచ్చాం. నేనే వెనక్కి తీసుకువచ్చాను, దానికి నా సొంత కారణం ఉంది. పదేళ్ళ కిందట ఒక ఊరి మంచినీళ్ళ ట్యాంకుకు కంట్రోలరు చేశాను. కింద ఒక తేలుడు బుడ్డి, పైన ఒకటి. కిందిది వాలిపోతే మోటారు నడవాలి, పైది లేస్తే ఆగాలి. కిందిది ఖాళీ అని, పైది నిండింది అని ఒకేసారి చెప్పడం అసాధ్యం కనుక ఆ గడిని వదిలేశాను. రెండో ఎండాకాలంలో అడుగున చేరిన ఒండ్రులో కింది బుడ్డి చిక్కుకుంది. నేను రాసిన వరుసలో నడుపు ముందుంది, ఆపు వెనక ఉంది. రాత్రంతా మోటారు నడిచి, ఊరు బిందెల కోసం కొట్లాడుకునే నెలలో ట్యాంకు నీళ్ళు తెల్లవారే దాకా పొంగిపొర్లాయి. ఆ ఊరివారు నన్ను ఒక్క మాట అనలేదు, అందుకే ఆ ఉదయం నాకు మరింత బాగా గుర్తుంది. అసాధ్యమని మనం కొట్టేసేది లోకంలో అసాధ్యం. సెన్సారు చెప్పే మాటలలో అసాధ్యమన్నది ఏదీ లేదు.

ఇదే సంగతిని ఎంతో గొప్ప ఇంజనీర్లు ఎంతో పెద్ద ధర చెల్లించి నేర్చుకున్నారు. 1999 డిసెంబరు 3న అంగారకుడి మీద దిగుతూ నాసా వారి మార్స్ పోలార్ ల్యాండర్ అదృశ్యమైంది. విచారణ సంఘం చెప్పిన బలమైన కారణం ఇది: పైన ఆకాశంలో కాళ్ళు విచ్చుకున్నప్పటి కుదుపుకు, నేల తాకామన్న సంకేతం ఒక్క క్షణం వచ్చింది; ప్రోగ్రాం దానిని గుర్తుపెట్టుకుంది; 40 మీటర్ల ఎత్తులో ఆ సంకేతాన్ని చూడడం మొదలుపెట్టగానే, నేల మీద ఉన్నామని నమ్మి ఇంజన్లు ఆపేసింది. మా పెట్టె గుర్తుపెట్టుకోవలసినదాన్ని మరిచిపోయింది, అది మరిచిపోవలసినదాన్ని గుర్తుపెట్టుకుంది. 1993 సెప్టెంబరు 14న వార్సాలో దిగిన లుఫ్తాన్సా విమానం కథ దీనికి తిరగేసినది. రెండు ప్రధాన చక్రాల కాళ్ళ మీదా బరువు పడితేనో, చక్రాలు తగినంత వేగంగా తిరిగితేనో విమానం నేల మీద ఉన్నట్టు లెక్క. ఆ వానలో అది ఒక కాలి మీద దిగింది, తడి రన్‌వే మీద చక్రాలు జారాయి, రెండో కాలు ఆనడానికి సుమారు 9 సెకన్లు పట్టింది. అంతదాకా, వేగం తగ్గించడానికి ఇంజన్ల తోపును ఎదురు దిక్కుకు మళ్ళించే ఏర్పాటును విమానం తెరవనివ్వలేదు. ఇద్దరు చనిపోయారు. ప్రోగ్రాం నిర్దేశాన్ని అక్షరాలా పాటించింది; నేల మీద ఉండడం అన్న మాటకు నిర్దేశం ఇచ్చిన అర్థం ఆ రోజు లోకానికి సరిపోలేదు.

డిజైనర్లకు ఈ పని నేర్పేవారు మొదట గుర్తుల భాషను నేర్పుతారు, నాకది నచ్చదు. టీఎల్‌ఏ ప్లస్ రాతను, స్పిన్ వాడే ప్రొమెలాను మూడో రోజు చూపించినా నష్టం లేదు. డేవిడ్ హారెల్ 1987లో ప్రచురించిన స్థితిపటాలు, అంటే పెట్టెలలో పెట్టెలుగా స్థితులను గీసే పద్ధతి, చాలామందికి ఒక మధ్యాహ్నంలో పట్టుబడుతుంది. మొదటి రోజు మాత్రం చార్టు, పెన్ను, వారి సొంత కాగితం ఉండాలి. నమూనాలో ఏం వదిలేయాలో నేర్పడం దాని కన్నా కష్టం. మేము ఓల్టేజి హెచ్చుతగ్గులను, వానకు తడిసిన తీగలను, సిగ్నల్ అందని పొలాలను వదిలేశాం. వదిలేసిన ప్రతిదానినీ చార్టు కింద వరుసగా రాశాం. ఆ వరుస లేని నమూనాను నేను నమ్మను, ఎందుకంటే అది దేనికి సమాధానం చెప్పదో తెలియకపోతే అది చెప్పే సమాధానానికి విలువ కట్టలేం.

ఇప్పుడు ఆ నాలుగు పేజీలు పదకొండయ్యాయి, పట్టిక మొదటి పేజీలో ఉంది. రైతు ఆపింది కరెంటు లేకున్నా నిలిచే జ్ఞాపకంలో ఉంటుంది. పది నిమిషాలు దాటిన నడుపు సందేశాన్ని పెట్టె పట్టించుకోదు, పట్టించుకోలేదని తిరిగి చెబుతుంది. పోయిన వారం పెద్దబాపు బోరు దగ్గర మొదటి పెట్టె బిగించడానికి మేమంతా వెళ్ళాం. ఆయన వరుస సంఖ్య తిప్పే చిన్న మీటను వేలితో తడిమి చూసి, ఇది కాలిపోయి వేరే పెట్టె తెచ్చి పెడితే దానికి ఈ నంబరు ఎవరు పెడతారు, నేను పెట్టాల్నా, మీరొచ్చి పెడతరా అని అడిగారు. అబ్బాయి జేబులోంచి మడత పెట్టిన పట్టిక తీసి, స్టార్టర్ మూత మీద పరిచి, ఏడో నిలువు వరుస గీశాడు.